విశాఖ నుంచి నర్సాపురం దాకా ఆరు రోజులు నడకా, తిండీ

పోయిన డిసెంబరులో నేనూ మా అక్కా ఆరు రోజులు తిరిగొచ్చాం. మధ్యలో రైలు, బస్సు, ఆటో అన్నీ ఎక్కాం గానీ ఎక్కువ రోజులు పొద్దున పూట కాళ్ళకే పని చెప్పాం. ఒక్క పద్ధతి మాత్రం గట్టిగా పెట్టుకున్నాం, ఆకలేసే వేళకి ఆ తిండి పుట్టే చోట ఉండాలి అని. అంటే చేప ఒడ్డుకి చేరే వేళకి మేం రేవులో ఉండాలి, పూతరేకు కుండ మీంచి లేచే వేళకి ఆ పొయ్యి పక్కన ఉండాలి. మామూలుగా ఎక్కడికైనా వెళ్తే ముందు చూడాల్సినవి రాసుకుని, తిండి సంగతి ఎక్కడ కుదిరితే అక్కడ అని వదిలేస్తాం కదా, ఈసారి తిండి వేళలు ముందు రాసుకుని వాటి మధ్య నడకలు పెట్టాం.

డిసెంబరే ఎందుకంటే, ఎండ తక్కువ, వరి కోతలు, తేగలు, ధనుర్మాసం ముగ్గులు, అన్నీ ఒక్కసారే దొరుకుతాయి.

మొదటి రోజు, ఫిషింగ్ హార్బర్ నుంచి రుషికొండ

విశాఖలో తెల్లవారుజామున అయిదున్నరకి ఆటోలో ఫిషింగ్ హార్బర్ దగ్గర దిగాం. ఇంకా చీకటే, బోట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, గట్టు మీద బల్బుల వెలుతుర్లో వేలంపాట అప్పటికే మొదలైపోయింది. కిందంతా తడి, ఐసు ముక్కలు, పొలుసులు, కాబట్టి పట్టున్న చెప్పులు వేసుకుని వెళ్ళండి, వాళ్ళ దారికి అడ్డం నిలబడకండి. వంజరం, చందువా, కానాగంతలు, సావిడాయలు, గంపల కొద్దీ రొయ్యలు. ఒకావిడ వంజరాన్ని చేత్తో ఎత్తి మొప్ప పైకి తీసి లోపలి ఎరుపు చూసి, వేలితో పొట్ట దగ్గర నొక్కి, నొక్కిన చోట గుంట వెంటనే పూడిందో లేదో చూసి, అప్పుడు గానీ ధర మాట్లాడలేదు. అక్క ఆవిడ పక్కనే నిలబడి ఆ రెండూ నేర్చుకుంది, ఇప్పుడు మా ఊరి మార్కెట్లో కూడా అలాగే చూస్తోంది.

బయటకి రాగానే బండి దగ్గర వేడి ఇడ్లీ, పల్లీ చట్నీ, అల్లం చట్నీ తిన్నాం. రాత్రంతా పనిచేసి వచ్చిన వాళ్ళు తినే చోటు అది, వాయి దిగడం ఆలస్యం, అయిపోతోంది. ఇలాంటి చోట చల్లారిన ఇడ్లీ అనేదే ఉండదు.

అక్కణ్ణుంచి ఆర్కే బీచ్ వైపు నడక. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచే వాళ్ళదే. కురుసుర జలాంతర్గామిని బయట నుంచే చూసి ముందుకెళ్ళాం, 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరైన నౌక అది, మర్నాటి ఏడాదికే మ్యూజియం అయింది, లోపలికి వెళ్ళాలంటే ఇంకో రోజు పెట్టుకోండి. దారిలో గ్లాసు చోడి అంబలి, అంటే రాగి అంబలి తాగాం, మజ్జిగ కలిపి ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. నడిచేటప్పుడు టీ కంటే ఇదే మేలు, గంటన్నర దాకా మళ్ళీ ఏమీ తినాలనిపించలేదు.

కైలాసగిరి కింద తెన్నేటి పార్కు, తర్వాత జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, అలా ఎడమ పక్క కొండ, కుడి పక్క సముద్రం. పదకొండుకల్లా ఎండ గట్టిగానే తగిలింది. ఈ భాగంలో ఇసుకలో దిగి నడుద్దామని చూశాం గానీ చాలా చోట్ల రాళ్ళు, అలలు అడ్డొచ్చి మళ్ళీ రోడ్డెక్కాల్సి వచ్చింది. ఇక్కడ ఈత కోసం నీళ్ళలో దిగొద్దు, ఈ తీరంలో లాగుడు ఎక్కువ.

రుషికొండ దగ్గర మధ్యాహ్నం భోజనం మామూలే, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. సాయంత్రం మాత్రం మురీ మిక్చర్ ఉంది. పెద్ద స్టీలు గిన్నెలో మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, వేయించిన పల్లీలు, కారం, ఉప్పు, కొంచెం నూనె వేసి గరిటెతో టకటకా కొట్టి పైన నిమ్మకాయ పిండి కాగితం పొట్లంలో ఇస్తాడు. మెత్తబడేలోపు, అంటే అయిదు నిమిషాల్లో తినెయ్యాలి. సముద్రం గాలికి అది ఇంకా తొందరగా మెత్తబడుతుంది, పొట్లం చేతికి రాగానే ఫొటోలు తీయడం మొదలెట్టకండి.

రెండో రోజు, తొట్లకొండ మీదుగా భీమిలి

మొత్తం యాత్రలో నాకు బాగా నచ్చిన రోజు ఇది. రుషికొండ నుంచి భీమిలి దాకా పదహారు పదిహేడు కిలోమీటర్లు ఉంటుంది, అలసిపోతే భీమిలి వెళ్ళే 900కె బస్సు ఇదే రోడ్డు మీద వస్తుంది కాబట్టి టెన్షన్ లేదు.

ముందు తొట్లకొండ ఎక్కాం. సముద్రానికి 128 మీటర్ల ఎత్తు. 1970ల్లో నౌకాదళం వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఇక్కడ శిథిలాలు ఉన్నట్టు తెలిసింది, 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే కొండకి ఆ పేరు. వానకాలంలో పడ్డ నీళ్ళని వాటిలో నిలవ చేసుకుని బౌద్ధ భిక్షువులు కొండ మీద ఏడాదంతా గడిపారు. స్తూపం, చైత్యాలు, గదుల పునాదులు అన్నీ చూశాక అక్క అడిగింది, "ఇంతమందికి వంటెక్కడ చేసేవాళ్ళే?" అని. వెతికాం. ఉంది. వంటశాల, సరుకులు దాచుకునే గదులు, అందరూ కూర్చుని తినే భోజనశాల, ఇటుక పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఇదే గాలిలో, ఇదే సముద్రం వైపు చూస్తూ పంక్తిలో కూర్చుని తిన్నారు. మేం తెచ్చుకున్న అరటిపళ్ళు ఆ ఇటుకల మీద కూర్చుని తినకుండా బయట చెట్టు కింద తిన్నాం, మీరూ అలాగే చెయ్యండి, అక్కడ తొక్కలూ కవర్లూ వదిలే వాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కొండ దిగితే మంగమారిపేట. తీరంలో రాతి తోరణం ఉంది, అలల కోతకి సహజంగా ఏర్పడింది, నీళ్ళు వెనక్కి తగ్గిన వేళ అయితే దగ్గరికి వెళ్ళొచ్చు. మేం వెళ్ళేసరికి పోటు మీద ఉంది, దూరం నుంచే చూశాం. కానీ అదే వేళకి పడవలు ఒడ్డుకి వచ్చాయి. వల దులుపుతున్న వాళ్ళ దగ్గర అరకిలో కానాగంతలు కొన్నాం, ఎక్కడ వండించుకోవాలి అని అడిగితే కాస్త పైన ఉన్న పాక చూపించారు. పాకలో ఉన్నావిడ, మా అమ్మ వయసు ఉంటుంది, "కూకోండమ్మా, ఇప్పుడే అయిపోద్ది" అని చేపలు లాక్కుని మూడు నిమిషాల్లో శుభ్రం చేసేసింది. ఒంటి మీద అడ్డంగా నాలుగు గాట్లు. ఉప్పు, పసుపు, కారం, దంచిన అల్లం వెల్లుల్లి, చింతపండు గుజ్జు చెంచాడు. గాట్లలోకి వేలితో కూరింది, పైపైన పూయలేదు, తేడా అక్కడే. వెడల్పు పెనం మీద తక్కువ నూనెలో, ఒకవైపు పూర్తిగా వేగేదాకా కదపలేదు. నేను తిప్పమని తొందరపడితే, "ఇప్పుడు తిప్పితే తోలు పెనానికే ఉండిపోద్దమ్మా" అంది. పక్కన గంజి వార్చిన అన్నం, నెత్తళ్ళనే చిన్న చేపల ఇగురు, ఆవిడ ఇంట్లో వాళ్ళ కోసం వండుకున్నదే మాకూ పెట్టింది. నెత్తళ్ళకి డబ్బులు తీసుకోనంటే తీసుకోనంది. అక్క బలవంతాన ఆవిడ మనవడి చేతిలో పెట్టింది.

కడుపు నిండాక ఎర్రమట్టి దిబ్బల దాకా నడక బరువుగానే సాగింది, ఇది ముందే ఊహించుకోవాల్సింది. దిబ్బలు మాత్రం చూసి తీరాలి. సముద్రం పక్కనే ఎర్రటి ఇసుక గోడలు, మధ్యలో వాన కోసిన లోతైన సందులు. ఇలాంటివి మన దేశంలో తమిళనాడు తీరంలోనూ, అవతల శ్రీలంకలోనూ ఉన్నాయి, చాలా అరుదు, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అంచుల మీద ఎక్కితే మట్టి జారిపోతుంది, మనకీ ప్రమాదం, దిబ్బకీ నష్టం. కింద సందుల్లో నడవండి చాలు.

భీమిలి చేరేసరికి సాయంత్రం అయిదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలుతురు పోయేదాకా కూర్చున్నాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చి వాళ్ళ సమాధులు, దీపస్తంభం, పాత బంగళాలు ఉన్నాయి, నెమ్మదిగా తిరగాల్సిన ఊరు. మేం పావురాళ్ళకొండ ఎక్కలేకపోయాం. రాత్రికి వేడి ఇడ్లీలూ, ఒక్కో గ్లాసు పాలూ తీసుకుని పడుకున్నాం.

మూడో రోజు, రైలు, రాజమండ్రి

కాళ్ళకి విశ్రాంతి. విశాఖ వెనక్కి వచ్చి రాజమండ్రి రైలెక్కాం. సాయంత్రం పుష్కర ఘాట్ దగ్గర గట్టు మీద కాసేపు నడక, ఎదురుగా ఒక వైపు 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసిన పాత హేవలాక్ వంతెన, దాని బదులు వచ్చిన విల్లు ఆకారం వంతెన. రోజ్ మిల్క్ తాగాం. రాజమండ్రి వెళ్ళి రోజ్ మిల్క్ తాగకుండా రావడం కుదరదు, చల్లగా, చిక్కగా, పైన మీగడ ముక్కలతో.

నాలుగో రోజు, ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఆత్రేయపురం

పొద్దున ఆరింటికి ధవళేశ్వరంలో మొదలుపెట్టాం. మంచు గోదారి మీద దుప్పటిలా ఉంది, ఎదుటి గట్టు కనపడదు. సర్ ఆర్థర్ కాటన్ 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టిన బ్యారేజీ మీద నడుచుకుంటూ పిచ్చుకలంక దాటి బొబ్బర్లంక చేరాం. ఈ రోడ్డు మీద లారీలూ బస్సులూ వస్తాయి, ఒకరి వెనక ఒకరు నడవాలి, కబుర్లు కుదరవు. కానీ ఇక్కడ నడిస్తేనే గోదారి ఎంత వెడల్పో కాళ్ళకి తెలుస్తుంది. కారులో రెండు మూడు నిమిషాల్లో దాటేసినప్పుడు నాకు ఎప్పుడూ తెలియలేదు. బొబ్బర్లంకలో టీ తాగుతుంటే టీ కొట్టాయన కాటన్ దొర పటం చూపించి "ఆయన లేకపోతే మేం లేమండీ" అన్నాడు. ఇక్కడ ఆ మాట మర్యాదకి అనేది కాదు. 

బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోటలు, అరటి, కోసి పనలు వేసిన వరిచేలు. ఇళ్ళ ముందు ముగ్గుల్లో గొబ్బెమ్మలు, గుమ్మడిపూలు. రోడ్డు పక్కన ఒక ముసలాయన తంపటి వేసిన తేగల కట్ట అమ్ముతున్నాడు. తేగ నిలువునా చీల్చి మధ్యలో ఉండే లేత మొలక, చందమామ అంటాం, తీసి ముందు దాన్ని తిని, తర్వాత తేగని పీచు వదిలేస్తూ నమలడం, చిన్నప్పుడు తాతయ్య వాళ్ళింట్లో చేసినట్టే. అక్క చందమామలు రెండూ తనే తినేసింది, చిన్నప్పుడూ అంతే.

కొంతదూరం నడిచి, మిగతాది ఆటోలో ఆత్రేయపురం. రోడ్డు మీద దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడ కొనుక్కుని వెళ్ళిపోకండి. తయారుచేసే ఇంటికి తీసుకెళ్ళమని దుకాణంలో అడిగితే, పక్క సందులోకి తీసుకెళ్ళారు. వేడి పొగ నిండిన చిన్న గదిలో ఇద్దరు ఆడవాళ్ళు. కుండ బోర్లించి ఉంటుంది, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి మెత్తగా రుబ్బి పాలలా పలచగా కలిపిన బియ్యప్పిండిలో పల్చటి గుడ్డ ముంచి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని, కుండ వీపు మీద ఒక్కసారి వేసి లాగేస్తుంది. గుడ్డ వెళ్ళిపోయిన చోట తడి మెరుపు ఒక్క క్షణం, అంతలోనే అది తెల్లబడి అంచు లేస్తుంది, వేళ్ళతో ఎత్తేస్తుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత రేకు. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది, అందుకని ఆవిడ కాలితో ఆకులు లోపలికి తోస్తూనే ఉంది, చూపు మాత్రం కుండ మీదే. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగితే, "పెళ్ళయి వచ్చినప్పట్నుంచీనండీ" అంది. ఆవిడ ముంజేతులు వేడికి నల్లబడి ఉన్నాయి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే, ఆ గదికి ఒక మంచి కిటికీ కూడా వస్తే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

అప్పుడే తీసిన రేకుల మీద నెయ్యి రాసి బెల్లం పొడి చల్లి మడిచి ఇచ్చారు. పెట్టెలో కొనుక్కున్న దానికీ దీనికీ పోలికే లేదు, నోట్లో పెట్టగానే ముందు నెయ్యి వాసన, తర్వాత బెల్లం, రేకు ఎప్పుడు కరిగిందో తెలియదు. బెల్లందే తీసుకోండి, పంచదారది తీపి తప్ప ఇంకేమీ చెప్పదు. శనివారం మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు, వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్ళే జనంతో రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. 

సాయంత్రం లొల్ల లాకుల దగ్గర నీళ్ళు పాయలుగా చీలి హోరుమని పడటం చూసి రావులపాలెంలో దిగాం. అక్కడో హోటల్లో "పులస ఉందండీ" అన్నాడు కుర్రాడు. డిసెంబరులో! సముద్రంలో విలసగా ఉండే చేప వరద రోజుల్లో గోదారిలోకి ఎదురీదితేనే పులస, అది జూలై నుంచి సెప్టెంబరు దాకా. "ఎర్రనీళ్ళు లేకుండా పులసెక్కడిది బాబూ?" అని అక్క మెల్లగా అడిగితే ఫ్రిజ్‌లోది అన్నాడు. మేం కంద బచ్చలి కూరతో అన్నం తిన్నాం, ఆవ పెట్టి, కాస్త చింతపండు పులుపుతో, చాలా బాగా చేశారు. ఎవరైనా సరే, వరద రోజులు కాకుండా పులస అంటే డబ్బులు పెట్టకండి.

అయిదో రోజు, గన్నవరం, అంతర్వేది

బస్సులో పి.గన్నవరం. ఇక్కడ వైనతేయ నది మీదుగా కాలవ వెళ్తుంది, అంటే కింద నది, పైన వంతెనలాంటి అక్విడక్టులో పంట కాలవ. పాత దాని పక్కనే కొత్తది, కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. తిండి కోసం నడుస్తున్న మాకు ఆ పేరు దగ్గర ఆగకుండా ఎలా ఉంటుంది? 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరొచ్చినా వండి పెట్టారు. అర్ధరాత్రి, వరద, కులం, ఏదీ అడ్డు రాలేదు. 2024లో రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. అక్విడక్టు గట్టు మీద నిలబడితే ఆవిడ ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఈ పాయలన్నీ పడవల్లో దాటి ఆకలితో ఎలా వచ్చుంటారో ఊహకి అందుతుంది. లంకల్లో గంటన్నర తిరిగాం, బొండాం నీళ్ళు తాగి లేత కొబ్బరి తిన్నాం, చెక్కతో గీరి ఇచ్చాడు.

రాజోలు దగ్గర బస్సు కోసం చాలాసేపు నిలబడాల్సి రావడంతో అంతర్వేది చేరేసరికి మూడు దాటింది, భోజనాలన్నీ అయిపోయాయి. ఆరు రోజుల్లో మా పద్ధతి తప్పింది ఇక్కడొక్కటే. ఆకలికి అక్క మాట్లాడటం మానేసింది. చివరికి గుడి వీధిలో ఒక పిన్నిగారు మినప్పిండి ఉందని చెప్పి అప్పటికప్పుడు గారెలు వేసి పెట్టారు, అల్లం పచ్చడితో. చెరో ఆరు తిన్నాం. తర్వాత స్వామి దర్శనం, రాత్రికి సత్రం.

ఆరో రోజు, అన్నాచెల్లెళ్ళ గట్టు, పంటు మీద నర్సాపురం

చీకటితో లేచి ఇసుకలో దీపస్తంభం వైపు, అక్కణ్ణుంచి వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా. ఒక పక్క నీళ్ళు మట్టి రంగు, ఇంకో పక్క నీలం, మధ్యలో గీత గీసినట్టు అలలు అడ్డదిడ్డంగా లేస్తుంటాయి. ఇసుక మెత్తన, నడక నెమ్మది, చెప్పులు చేతిలో పట్టుకుని నడిస్తేనే హాయి. జాలర్లు తప్ప మనిషి లేడు. మాఘంలో భీష్మ ఏకాదశి రథోత్సవానికి ఇక్కడ ఇసుక కనపడనంత జనం ఉంటారు, కాబట్టి నడక కోసమైతే మిగతా రోజుల్లో రండి.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాం, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ. మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు, బడికెళ్ళే పిల్లలు, ఒక మేకపిల్ల, అందరం కలిసి గోదారి దాటాం.

నర్సాపురంలో రేవు నుంచి ఊళ్ళోకి నడిచి దిబ్బరొట్టి వేసే చోటు అడిగాం. అడిగిన మొదటి మనిషే వెంట వచ్చి చూపించాడు. మినప్పిండీ బియ్యపు రవ్వా కలిపిన పిండి, మందపాటి మూకుడులో నూనె పోసి నిండా వేసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు. తొందర పడితే కుదరదు, ఇరవై నిమిషాలు బల్ల మీద కూర్చోబెట్టారు. తీశాక బయట ఎర్రగా కరకరలాడుతూ, విరిస్తే లోపల తెల్లగా దూదిలా, ఆవిరి. సగం కొబ్బరి పచ్చడితో, సగం చెరకు పానకంతో తిన్నాం. పానకం లోపలి మెత్తదనంలోకి ఇంకిపోతుంది, కరకర మాత్రం పోదు.

అక్క ఇంకొకటి కట్టించమంది, రైల్లోకి. భీమవరం దాటకముందే అదీ అయిపోయింది.